పన్నెండో పొట్లం

ఉండండి, ఉండండి! ఆ పొట్లం మీద చెయ్యి పెట్టొద్దు. ముందు నేను చెప్పేది వినండి. కోవిల్‌పట్టి బండికి ఇంకా గంట ఉంది, గంటలో చెప్పేస్తాను. మీరు కూర్చోండి. నాకు కూర్చుంటే కాలు ఆగదు, నిలబడే చెప్తాను.

నా పేరు అళగర్‌సామి. ఊరు ఇదే, విరుదునగరం. చదివేది మదురైలో, బి.ఏ. కడపటి సంవత్సరం. నాకు ఉండే పిచ్చి ఒకటే, నడక. ఒక ఇంగ్లీషు పుస్తకంలో హైకింగ్ గురించి చదివిన దినం నించి ఒక చోట నిలవలేను. కాలేజీలో హైకింగ్ క్లబ్బు కూడా పెట్టినాను. మెంబర్లు ఇద్దరే. నేనూ, సాత్తూరు పాలసామీ. పాలసామి చేరింది నడిచేదానికి కాదు, దారిలో తినేదానికి.

ఈ దీపావళి లీవులో కురుమలై ఎక్కాలని ప్లాను వేసినాము. విరుదునగరంలో బండెక్కి కోవిల్‌పట్టిలో దిగి, అక్కడి నించి నడిచిపోయి, మూడు దినాలు కొండ మీద ఉండేది. తిండి లిస్టు నేనే రాసినాను, పుస్తకం చూసి. రొట్టెలు నాలుగు, వెన్న డబ్బా, జాము సీసా, ఒక టిన్ను బిస్కెట్లు, కోకో పొడి. కోకో కాచేదానికి కిరసనాయిలు స్టవ్వు. అంతా మదురైలో కొని తెచ్చినాను.

సోమవారం పొద్దున బండెక్కినాము. ఎదురుగా ఒక అవ్వ, పక్కన ఒక పిల్ల. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. ఒళ్ళో తాటాకుతో అల్లిన ఓలపెట్టె పెట్టుకుని కిటికీలో నించి బయట చూస్తా ఉంది. బ్యాగు నిండిపోయి మూత పడక నా రొట్టెలు బయటికి తలలు పెట్టినాయి. ఆ పిల్ల రొట్టెల్ని ఒకసారి చూసింది. నన్ను ఒకసారి చూసింది. మళ్ళీ రొట్టెల్ని చూసింది.

"పాపం," అనింది అవ్వతో, నాకు వినపడేటట్టే. "ఎవురికో జరం."

"ఎవురికి?" అవ్వకు చెవుడు లేదు, ఆత్రం మాత్రం ఉంది.

"ఆ అయ్యకే అయ్యుండాల. నాలుగు రొట్టెలు తీసుకుపోతా ఉండాడు చూడు."

మా పక్క రొట్టె అంటే జరమొచ్చినోళ్ళకు పాలలో ముంచి పెట్టేది. ఆరోగ్యంగా ఉన్నవాడు ఎవడూ ముట్టడు. ఈ సంగతి నాకు తెలియక కాదు. అయినా ఒక పిల్ల మొకం మీద చెప్పేసరికి చెవులు ఉడుకెక్కినాయి.

"జరం ఏమీ లేదు. మేము హైకింగ్ పోతా ఉన్నాము."

"అదేం రోగమయ్యా?"

పాలసామి నవ్విన నవ్వుకు బెంచీ అంతా కదిలింది. ద్రోహి!

"రోగం కాదు. కొండెక్కేది. కురుమలై."

"కురుమలైకా? మా ఊరు దాని కిందనే. అమావాసకు మేమందరమూ ఎక్కుతాము. దానికి ఇంగ్లీసు పేరు ఉండాదని మాకు తెలియదే అవ్వా!"

"పొన్నుత్తాయీ, నోరు మూసుకో," అనింది అవ్వ. కానీ ఆమె కూడా నవ్వుతానే ఉంది.

పొన్నుత్తాయి. పేరు తెలిసిపోయింది. నేను కిటికీ వైపు తిరిగి కరెంటు తీగల్ని లెక్కపెట్టినట్టు నటించినాను. అవి తంతి తీగలు. లెక్క ఏదో గుర్తులేదు.

పాలసామే అడిగినాడు, "మీరు కొండకు పోతే ఏం తీసుకుపోతారు?"

అంతే, ఆ పిల్ల మొకం మారిపోయింది. ఎగతాళి పోయి, మా ప్రొఫెసరు క్లాసులో నిలబడినట్టు నిటారుగా కూర్చునింది.

"నడిచేటోడికి కావాల్సింది మూడు. వానకు మెత్తబడకూడదు. తింటే దప్పి ఎత్తకూడదు. అలసిపోయి పడుకుందామన్నా, వాసనకు లేసి కూకోవాల. మీ రొట్టెకు వాసన ఉండాదా?"

"జాము పూసుకుంటే..."

"తీపి ఎవురికయ్యా కావాల, చెమట కారేటప్పుడు? పులుపు కావాల. పులిసోరు కట్టుకుంటే మూడు దినాలు ఉంటుంది."

ఆంధ్రా పక్క పులిహోర అంటారంట, అరవదేశంలో ఉండే మా తెలుగిళ్ళలో పులిసోరే.

"మేము కూడా టిన్నులో పెట్టుకుంటే..."

"టిన్నులోనా!" నేనేదో బిడ్డను బావిలో వేస్తానన్నట్టు చూసింది. "టిన్నులో పెడితే చెమట పడుతుంది, సాయంత్రానికే పులిసిపోతుంది. ఓలపెట్టెలో పెట్టాల. తాటాకుకు ఊపిరి ఉండాది." అని ఒళ్ళో పెట్టెను తట్టింది.

నిజం చెప్తాను. నేను ఆ పుస్తకం నాలుగుసార్లు చదివినాను. డబ్బాకు చెమట పడుతుందని దాంట్లో ఒక్క ముక్క లేదు.

కోవిల్‌పట్టిలో దిగేటప్పుడు ఆ పెట్టెలో నించి ఒక ఉండ తీసి ఇచ్చింది. పొరివిళంగాయ్. వేయించిన బియ్యం, పెసలు, సొంటి, కరుపట్టి అనే తాటిబెల్లం పాకంతో పట్టిన ఉండ. నేను ఠపీమని కొరికినాను. పన్ను కదిలింది, ఉండ కదలలేదు.

"కొరికేది కాదయ్యా! దవడకు పెట్టుకుని నడిచేది. మైలుకు కొంచెం కరుగుతుంది."

అవ్వ కోసం ఎడ్లబండి వచ్చి ఉంది. ఎక్కి కూర్చున్నాక పొన్నుత్తాయి తిరిగి చూసి అరిచింది, "రొట్టె నానిపోతే మా ఇంటికి రాండి! కొండ కింద కడపటి ఇల్లు!"

బండి పోయింది. నా దవడలో ఉండ. నడక మొదలుపెట్టినాము. అది కరిగేదాకా మరచిపోదామనుకున్నాను. అది ఎంతకీ కరగలేదు.

మధ్యాన్నానికి వాన దిగింది. మా కరిసల్ నేల, అదే నల్లరేగడి, ఎండలో రాయి, వానలో బంక. ఒక అడుగుకు కాలికి శేరు మన్ను, రెండో అడుగుకు రెండు శేర్లు. పది అడుగులు వేసేసరికి మనిషి జానెడు పొడుగైపోతాడు. నేను జారినాను. బ్యాగు ఒరిగింది. బ్యాగులో స్టవ్వు కూడా ఒరిగింది.

ఒక వేపచెట్టు కింద నిలబడి బ్యాగు విప్పి చూస్తే, రొట్టెలు నాలుగూ కలిసి ఒకటే ముద్ద. వెన్నలో కిరసనాయిలు. జాములో కిరసనాయిలు. పాలసామి ధైర్యం చేసి ఒక బిస్కెట్టు తిన్నాడు.

"ఎట్లా ఉంది?"

"ఒరే, ఎవురైనా బీడీ ముట్టిస్తే నా దగ్గరికి రావొద్దని చెప్పు."

కొండ ఎదురుగానే ఉంది, మబ్బు కప్పుకుని. మేము దాని వైపు చూడను కూడా లేదు. నా కాళ్ళు వాటంతట అవే ఊరి వైపు తిరిగినాయి. ఆకలి వల్లే అన్నాను. పాలసామి నన్ను ఒక చూపు చూసినాడు.

కడపటి ఇల్లు. తిన్నె మీద అవ్వ. "జరం తగ్గిందా నాయనా?" అనింది మమ్మల్ని చూసి.

లోపల నించి పొన్నుత్తాయి వచ్చింది. బురద పూసుకున్న ఇద్దర్ని తల నించి కాలి దాకా చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. భుజాలు మాత్రం ఆగకుండా అదురుతా ఉన్నాయి.

"రొట్టె ఏదీ?"

"నానిపోయింది."

"హైకింగు?"

"అదీ నానిపోయింది."

అమ్మా నాయనా విళాత్తికుళం పక్క మిరపతోటలో ఉన్నారంట, ఇంట్లో వీళ్ళిద్దరే. అవ్వ పేరు వీరమ్మాళ్. రెండు ఆకులు వేసింది. పొయ్యి మీద కంబుసంగటి, అంటే సజ్జసంగటి, చిన్న ఎర్రగడ్డల పులుసు. ఆ వాసనకు పాలసామి కళ్ళలో నీళ్ళు వచ్చినాయి, ఒట్టు. చెంబుతో నీళ్ళు పెట్టి, మా వాళ్ళు ఎవరైనా అడిగేదే అడిగింది అవ్వ.

"ఎవురింటి బిడ్డలు?"

పాలసామి వాళ్ళ సాత్తూరు ఇల్లు చెప్పినాడు. నేను చెప్పినాను, "విరుదునగరం. పత్తి కమిషన్ పెరుమాళ్‌సామి కొడుకును. అళగర్‌సామి."

పొయ్యి దగ్గర గరిటె కిందపడింది.

అవ్వ వంగి, నా ముందు వేసిన ఆకును నెమ్మదిగా మడిచి ఎత్తేసింది. నీళ్ళ చెంబును కూడా పక్కకు జరిపింది. లోపలికి పోయి ఒక పళ్ళెంలో రెండు మురుక్కులు తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ ఇంటోళ్ళు మా ఇంట్లో పొడిదే కదా తినేది. తిను."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. 

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పిల్లను చూసేదానికి పోయినవాళ్ళు ఆ ఇంట్లో పొడి పలహారమే తినాల. చెయ్యి కడుక్కుని ఆకు ముందు కూర్చుని అన్నం తిన్నారంటే, చెయ్యి తడిపినారు అంటారు. చెయ్యి తడిపితే సంబంధం ముడిపడినట్టు. పోయిన సంవత్సరం మా వాళ్ళు కోవిల్‌పట్టి పక్క ఒక పిల్లను చూసేదానికి పోయినారు. నాకు కబురు వచ్చింది. నేను అప్పుడు మదురైలో హైకింగ్ పుస్తకం చదువుతా ఉన్నాను. పిల్ల పేరు కూడా అడగలేదు. ఒక కార్డు రాసి పోస్టులో వేసి మరచిపోయినాను.

మీరు మరచిపోయేది ఇంకొకరికి నోటికి వస్తుందని ఆ దినం తెలిసింది.

"'నాయనకు నమస్కారం,'" అనింది పొన్నుత్తాయి, గోడకు ఆనుకుని, బడిలో పాఠం ఒప్పచెప్పేటట్టు. "'నాకు ఇప్పుడు పెళ్ళి వద్దు. వంట తప్ప ఇంకేమీ తెలియని పిల్ల అసలే వద్దు. ఇట్లు, అళగర్‌సామి.' అక్షరం తప్పినానా?"

తప్పలేదు.

"మాట అయిపోయింది. పన్నెండు ఆకులు వేసినాము. తెల్లారక ముందు నించి వండింది నేను. మీ ఊరి నించి ఒకాయన కార్డు పట్టుకుని పరిగెత్తుకుంటా వచ్చినాడు. మీ నాయన చదివి కార్డును ఆకు మీదనే పడేసినాడు. లేసినాడు. ఆయన లేస్తే అందరూ లేసినారు. చెయ్యి పెట్టిన ఆకు ఒక్కటీ లేదు."

"నాకు తెలియదు..."

"ఒక తాత మాత్రం లేసేకి మనసు రాక ఆకునే చూస్తా కూకున్నాడు. 'వాసన బాగుండాది తల్లీ' అన్నాడు నాతో. ఆయన పేరూ అళగర్‌సామేనంట. ఆయన్ని కూడా రెక్కపట్టి లేపుకుపోయినారు." వంగి కిందపడిన గరిటె తీసింది. "నన్ను వద్దన్నదానికి నాకు ఏడుపు రాలేదు. వండింది చూసి ఏడుపొచ్చింది. మా ఎద్దులు రెండు దినాలు పులిసోరు తినినాయి."

ఆ తాత మా తాత. మొన్న ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పోయినాడు. ఆ మాట అప్పుడు చెప్పకుండా దాటేసినాను.

పక్కన పాలసామి తలకాయ ఎత్తకుండా సంగటి మింగుతా ఉన్నాడు. అవ్వ వాడికి ఇంకో గరిటె పులుసు పోసింది. "నువ్వు తిను నాయనా. నువ్వేమీ కార్డు రాయలేదు కదా."

నేను మురుక్కు కొరికినాను. అదీ విరగలేదు.

"ఎట్లా ఉండాది?" అనింది పొన్నుత్తాయి.

"గట్టిగా ఉంది."

"ఉంటుంది. అప్పుడు మీకోసం చేసిందే."

 అవ్వ పక్కున నవ్వింది, "అబద్దం నాయనా, నిన్న చేసింది," అని. పొన్నుత్తాయి నవ్వలేదు. కానీ పెదిమ కొన కొంచెం కదిలింది. నేను చూసినాను. ఆ కొంచెం చాలు కదా, నాలాంటి తిక్కవాడికి? లేచి పక్కకు జరిపిన చెంబు అందుకున్నాను.

"ఏం చేస్తా ఉండావు?" అనింది అవ్వ.

"చెయ్యి కడుక్కుంటా ఉన్నాను."

"తెలిసే చేస్తా ఉండావా?"

"తెలిసే."

"పెట్టండి చెంబు," అనింది పొన్నుత్తాయి. గొంతు కత్తిలాగ ఉంది. "మీరొక్కరు తడిపితే సరిపోతుందా? లేసింది పన్నెండు మంది."

చెంబు కింద పెట్టినాను.

అప్పుడు చెప్పింది అవ్వ, శుక్రవారం పొద్దున అరుప్పుకోట్టై నించి ఒక నేతగాళ్ళ కుటుంబం పొన్నుత్తాయిని చూసేదానికి వస్తా ఉందని. చూసేదానికి కూడా కాదు. చెయ్యి తడిపేదానికే వస్తామని చెప్పి పంపినారంట.

ఆ రాత్రి తిన్నె మీద పడుకున్నాను అంటే పడుకున్నాను. వాన చూరు నించి కారతా ఉంది, నేను అటు పొర్లి ఇటు పొర్లి... సరే, అది వదిలేద్దాం.

మంగళవారం పొద్దున తలుపు సందులో నించి చూసినాను. పొన్నుత్తాయి పులిసోరు కలుపుతా ఉంది. అన్నాన్ని తెల్లగుడ్డ మీద పరిచి, ఆవిరి పూర్తిగా పోయేదాకా విసనకర్రతో విసిరింది. ముందు నువ్వులనూనె. తర్వాత నూనె పైకి తేలేదాకా కాచిన చింతపులుసు. వేయించిన వేరుశెనగలు, ఎండుమిరపకాయలు. అరిటాకుల్ని నిప్పు మీద వాడ్చింది. చెయ్యి రెండుసార్లు కొంగుకు తుడుచుకుని చూసుకునింది.

"తడి చెయ్యి తగిలిందంటే చెడిపోతుంది," అనింది, తల తిప్పకుండానే. నేను అక్కడున్నానని ఎట్లా తెలిసిందో!

ఓలపెట్టెకు మూత వేసి నారతో కట్టి తెచ్చింది.

"ఇది మీ నాయనకు. మూడు దినాలు ఉంటుంది, నాలుగో దినం నా పూచీ లేదు. దారిలో మూత తీయకూడదు. మీ ఇంటోళ్ళు చెయ్యి తడిపి తింటే, శుక్రవారం వాళ్ళకంటే ముందు రాండి. తినకపోతే..." భుజం ఎగరేసింది.

"మాకు దారిలో తినేదానికి?"

ఇంకో గుడ్డమూట ఇచ్చింది. వేయించిన శెనగలు, కరుపట్టి ముక్కలు, పొరివిళంగాయ్ ఉండలు ఆరు.

"ఆ పులిసోరు ఒక్క ముద్ద..."

"మీకేంటికి? వంట తప్ప ఇంకేమీ తెలియని పిల్ల వంట కదా?"

 పాలసామి ముందు నడిచినాడు. నేను ఇంకా అక్కడే.

"ఆ అరుప్పుకోట్టై వాళ్ళు. నీకు ఇష్టమా?"

"వాళ్ళు ఆకు ముందు నించి లేసిపోరు. నాకు తెలిసింది అంతే." ఓలపెట్టె నార ముడిని ఊరికే సరిచేసింది. అది సరిగానే ఉంది. "మీ వాళ్ళు వస్తే, మీకు ఆకు నేనే వేస్తాను. అంతదాకా ఈ పులిసోరు మీరు ముట్టకూడదు. ముట్టినారంటే నాకు తెలుస్తుంది."

"ఎట్లా?"

"మీ మొకంలోనే తెలిసిపోతుంది. మీకు అబద్దమాడేకి రాదు. హైకింగే సరిగా రాదు."

కోవిల్‌పట్టి స్టేషనుకు వస్తే, వానకు లైను కోసుకుపోయిందంట. బండి ఎప్పుడు అంటే, రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు. నేను ప్లాట్‌ఫారం మీద ఈ కొన నించి ఆ కొనకు నాలుగుసార్లు నడిచినాను. ఐదోసారి కొన దగ్గర ఆగకుండా అట్లే సాత్తూరు వైపు నడిచినాను.

"ఒరే!" పాలసామి వెనక పరిగెత్తినాడు. "ఒరే, యాడికిరా?"

"విరుదునగరానికి. హైకింగ్ క్లబ్బు కదా మనది!"

మాకుండేది ఒక గొడుగు. దాన్ని పెట్టెకు పట్టినాను. మేమిద్దరం తడిసినాము.

"ఆ పెట్టె ఏమన్నా నీ పెళ్ళామా?"

"ఇంకా కాలేదు."

శెనగలు పాలసామి మొదటి దినమే ముగించినాడు. నేను ఉండ దవడకు పెట్టుకుని నడిచినాను. మైలుకు కొంచెం కరుగుతుంది. ఇప్పుడు అది త్వరగా కరిగిపోతా ఉంటే భయం వేసింది. ఆమె చెప్పినట్టే ఉంది అంతా. వానకు మెత్తబడలేదు, దప్పి ఎత్తలేదు. వాసన మాత్రం నెత్తి మీద పెట్టెలో ఉంది.

బుధవారం పాలసామికి ఓర్పు పోయింది. "మూత తీయొద్దనింది. ముక్కు పెట్టొద్దనలేదు కదా?"

తాటాకు సందుల్లో ఇద్దరమూ ముక్కులు పెట్టినాము. అది పెద్ద తప్పు. ఆ తర్వాత రెండు మైళ్ళు మేము ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఏం మాట్లాడతామో ఇద్దరికీ తెలుసు.

సాత్తూరు దగ్గర వైప్పారు ఏరు పొంగి పోతా ఉంది. గట్టు మీద కూర్చోలేక, నిలబడలేక చచ్చినాను. ఇవతల మేము, అవతల పాలసామి ఇల్లు, మధ్యలో ఎర్రనీళ్ళు. పెట్టె మూతకు చెవి ఆనించినాను, చెడిపోయే చప్పుడు వినపడుతుందేమోనని. సాయంత్రానికి నీళ్ళు నడుముకు దిగినాయి. పెట్టె నెత్తిన పెట్టుకుని దాటినాను.

పాలసామి వాళ్ళింట్లో ఉడుకునీళ్ళు, పరుపు. "నేను ఇంక ఒక్క అడుగు వేయను," అన్నాడు. "నువ్వూ ఉండు. రేపు బండి రావచ్చు."

రావచ్చు. రాకపోవచ్చు. తెల్లవారినాక ఒక్కడినే నడిచినాను. ఊరి పొలిమేర ఇంక మూడు మైళ్ళు ఉందనగా కూత వినపడింది. బండి! లైను బాగుపడి, నా పక్కనే, పొగ నా మొకం మీద వదిలి పోయింది. కిటికీలో నించి ఒక తలకాయ. చెయ్యి ఊపుతా ఉంది.

పాలసామి.

ఇంటికి వస్తే తిన్నె మీద మా నాయన కూర్చుని ఉన్నాడు. పక్కన పాలసామి, తల దువ్వుకుని, కాఫీ తాగుతా. కార్డు నించి ఎద్దుల దాకా అంతా చెప్పేసినాడంట.

మా నాయనకు మాటలు తక్కువ. నా కాళ్ళ మన్ను చూసినాడు. పెట్టె చూసినాడు. నేను దించి ఆయన ముందు పెట్టినాను. మూడు దినాలు. చెడిపోయి ఉంటే?

నాయన నార విప్పినాడు. మూత తీసినాడు. ఆ వాసన!

ఆకుల పైన నా కార్డు ఉంది. నూనె మరకతో. దాని కింద, ఒక్కొక్కటిగా వాడ్చిన ఆకులో చుట్టిన చిన్న పొట్లాలు. నాయన లెక్కపెట్టినాడు. పన్నెండు.

"పన్నెండు మాకు," అన్నాడు. కార్డు తీసి నా చేతిలో పెట్టినాడు. "ఇది నీకు."

మా అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

"ఆ దినం ఆకు ముందు నించి లేసేటప్పుడు నా ముక్కుకు తగిలింది ఈ వాసనే," అన్నాడు నాయన. "ఏడాది అయింది. మాట ఇచ్చిన ఇంట్లో నించి లేసొచ్చినాను. ఎవురికీ చెప్పలేదు. పిలువు అందర్నీ."

ఆ దినం పోయినవాళ్ళందరూ ఉండేది మా వీధిలోనే. చిన్నాయనలు, అత్తలు, మామలు వచ్చినారు. నాయన చెంబు తెమ్మన్నాడు. మొదట ఆయన చెయ్యి కడుక్కున్నాడు. ఒకరి తర్వాత ఒకరు కడుక్కుని, వరసగా కూర్చుని, తలా ఒక పొట్లం విప్పినారు. కమలమ్మాళ్ అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునింది.

"పులుసులో కరుపట్టి చిటికెడు వేసింది పిల్ల. వంట తెలిసినదే!"

"పోయిన సంవత్సరం నువ్వే కదా, 'పదండి పదండి' అని తరిమింది?" అన్నాడు మామ.

"నేనా? అన్న లేస్తే లేసినాను!"

తింటానే కొట్లాడినారు, కొట్లాడతానే ఆకు నాకినారు. సాయంత్రం బండికే అందరూ బయలుదేరాలని, రేపు పొద్దున్నే కొండ కిందికి చేరాలని నాయన చెప్పేసినాడు. నాకు ఎగిరి గంతు వేయాలనిపించింది.

అప్పుడు అమ్మ పెట్టెలో చూసింది. "ఒకటి మిగిలింది."

అందరికీ తెలుసు అది ఎవరిదో. 'వాసన బాగుండాది తల్లీ' అన్న ఆయనది.

"కాకికి పెడదాం," అనింది అమ్మ. పోయినవాళ్ళకు మేము పెట్టేది అట్లనే. "తాతే వచ్చి తినిపోతాడు."

"వద్దు," అన్నాడు నాయన. పొట్లం తీసి నా ముందు పెట్టినాడు. "మా నాయన పేరు వీడికే కదా పెట్టినాము. అళగర్‌సామి ఆకు, అళగర్‌సామే తినాల. పన్నెండో చెయ్యి తడవకపోతే ఆ పిల్లకు మనం ఏమని చెప్పేది?" నా వైపు చెంబు జరిపినాడు.

అందరూ సామాను కట్టుకునేదానికి పోయినారు. పాలసామి కూడా వస్తాడంట, సంగటి గుర్తొచ్చి. నా ముందు చెంబు ఉంది, పొట్లం ఉంది.

తింటే, తాత లెక్క తీరుతుంది, పన్నెండూ పూర్తి అవుతాయి. కానీ నేను ముట్టకూడదనింది. నా మొకం చూస్తానే కనిపెట్టేస్తుంది. తినకుండా తీసుకుపోయి ఆమె చేతికే ఇస్తే, ఒక చెయ్యి తడవలేదనే కదా అర్థం? తాత పోయినాడని ఆ దినమే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. చూరు మీద కాకి కూడా వచ్చి కూర్చునింది చూడండి, మెడ వంచి నన్నే చూస్తా ఉంది. మూడు దినాలు నెత్తిన మోసినాను, ఒక్క మెతుకు ముట్టలేదు. వాసన ఇంకా తగ్గలేదు. బండికి ఇంక పది నిమిషాలే ఉంది, నాయన కేక వేస్తా ఉన్నాడు.

చెప్పండి, త్వరగా చెప్పండి. మీరైతే ఏం చేస్తారు?